బండి దీపాల మీది జిగురు

ఈ కథలో రోజుల వరస నేను తారుమారు చేసినా చెయ్యవచ్చు. బుధవారం జరిగింది గురువారంలో పడితే మీరే సర్దుకుని చదువుకోండి. జరిగిన సంగతిలో మాత్రం తేడా ఉండదు.

మాడుగులలో దేముడునాయుడు అనే వ్యాను డ్రైవరు ఉండేవాడు. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషే గానీ, బలం పెడితే లొంగని పని లేదని నమ్మేవాడు, తెలియని సంగతి ఒకరిని అడగడం చిన్నతనం అనుకునేవాడు.

తుప్పు పట్టిన నట్టు తిరగకపోతే పానా బిగించి దాని మీద కాలు వేసి తొక్కేవాడు. నట్టు విరిగి ఊడేది. "చూశారా, వచ్చిందా లేదా!" అనేవాడు. ఒకసారి ఆవకాయ జాడీ మూత బిగుసుకుపోతే అతని చేతికిచ్చారు. మూత వచ్చింది, దానితో పాటు జాడీ అంచు కూడా వచ్చింది. ఆ రోజు నుంచి అతని భార్య వరహాలమ్మ వంటింటి సామాను అతని చేతికి ఇవ్వడం మానేసింది.

మాడుగుల దాటితే కొండలు. ఆ కొండల మీద ఊటగెడ్డ అనే చిన్న గూడెం ఉంది. ఆ గూడెంలో అయిదుగురు ఆడవాళ్ళు ఆ ఏడు పదో తరగతి పరీక్షలకు కట్టారు. వాళ్ళేమీ చిన్నపిల్లలు కారు. పెళ్ళిళ్ళయి, పిల్లల్ని కని, పోడు చేసుకుంటూ, రాత్రి బడిలో చదువుకున్నవాళ్ళు. అందరిలోకీ పెద్దది గెమ్మెలి చిలకమ్మ. పదకొండేళ్ళుగా అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు వండి పెట్టడం, మూతులు కడగడం, నిద్రపుచ్చడం ఆమె పని. అక్కడి టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. పదో తరగతి పాసైతే ఆ ఉద్యోగం తనకే ఇస్తామని పైవాళ్ళు చిలకమ్మకు చెప్పారు.

పరీక్షలు మాడుగుల హైస్కూల్లో. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలు. పది దాటితే ఎవరినీ లోపలికి రానివ్వరు. గూడెం నుంచి వచ్చే మొదటి బస్సు దిగేసరికి పదిన్నర అవుతుంది. అందుకని వాళ్ళు దేముడునాయుడి వ్యాను మాట్లాడుకున్నారు.

"వేళకి దింపుతావా బాబూ?" అని అడిగింది చిలకమ్మ.

"నా బండి ఎక్కినవాళ్ళు ఎప్పుడైనా ఆలస్యంగా దిగారా? హాయిగా చదువుకోండి. దింపే పూచీ నాది," అన్నాడు నాయుడు.

అయితే అతని బండికి ఒక చిక్కు ఉంది. కొండదారిలో రాళ్ళు ఎగిరి హెడ్‌లైట్లకు తగులుతాయని, మంచులో వెలుతురు బాగా పడుతుందని, నాలుగేళ్ళ కిందట రెండు లైట్ల మీదా పసుపు రంగు ప్లాస్టిక్ స్టిక్కరు తనే అంటించాడు. మొదట్లో అది బాగానే ఉండేది. రానురాను ఎండకు ఎండి, వానకు తడిసి, బీటలు వారిన పొలం మట్టిలా తయారయింది. దాని కింద జిగురు గోధుమరంగుకు తిరిగింది. వెలుతురు బయటికి రావడానికి దారి లేక లోపలే మూలిగేది.

మొదటి పరీక్షకు ముందటి గురువారంతో బండి ఫిట్‌నెస్ గడువు తీరిపోతుంది. బుధవారం నాడు చోడవరం మైదానంలో తనిఖీకి తీసుకువెళ్ళాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి చూశాడు. బ్రేకులు బాగున్నాయన్నాడు. టైర్లు బాగున్నాయన్నాడు. లైట్లు వెయ్యమన్నాడు. వేశాక నిట్టూర్చాడు.

"ఏమయ్యా, ఇవి లైట్లా, ఆముదపు దీపాలా? ఈ స్టిక్కర్లు పూర్తిగా తీసేసి రేపు సాయంత్రం లోగా చూపించు. అప్పుడు కాగితం ఇస్తాను."

"ఎంత పని సార్! గంటలో పీకేస్తాను," అన్నాడు నాయుడు.

గురువారం పొద్దున్నే ఇంటి ముందు రేకుల పందిరి కింద బండి నిలిపి, చొక్కా విప్పి, పని మొదలుపెట్టాడు. మర్నాడే మొదటి పరీక్ష, తెలుగు. తెల్లారేసరికి గూడెంలో ఉండాలి. గోళ్ళతో స్టిక్కరు లాగాడు. గోరంత ముక్క ఊడి వచ్చింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ గోరంతే వచ్చింది.

వరహాలమ్మ గుమ్మంలోంచి చూసింది. "మావా, బస్టాండు దగ్గర స్టిక్కర్లు అంటించే కొట్టు ఉంది కదా. ఎలా తియ్యాలో ఓ మాట అడిగి రారాదా?"

"అంటించింది నేను. పీకడానికి ఇంకొకణ్ణి అడగాలా?"

"జాడీ మూత తీసినట్టు తీస్తావేమోనని."

"నువ్వు వంట చూసుకో!"

గోడల మీద పాత సున్నం గీకే రేకు ఒకటి ఇంట్లో ఉంది. అది తెచ్చి ఎడమ లైటు మీద పెట్టి గీకాడు. స్టిక్కరు పెచ్చులు పెచ్చులుగా లేచింది. దానితో పాటు లైటు మీద గీతలు పడ్డాయి. అతను గీతల్ని చూడలేదు, పెచ్చుల్నే చూశాడు. మధ్యాహ్నానికి స్టిక్కరు పోయింది, జిగురు మిగిలింది. చెయ్యి పెడితే చెయ్యి అంటుకుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డ పీచులు అంటుకున్నాయి. గాలికి దుమ్ము వచ్చి వాలింది. పొద్దున్న పచ్చగా ఉన్న లైటు మధ్యాహ్నానికి నల్లగా అయింది.

నాయుడికి రోషం వచ్చింది. కిటికీ ఊచలకు రంగు వేసినప్పుడు మిగిలిన థిన్నరు సీసా అటక మీద ఉంది. దాన్ని దింపి, గుడ్డ మీద ఒంపి, పళ్ళు బిగించి రుద్దాడు. ఆ వాసనకు కళ్ళు మండాయి, తల తిరిగింది. జిగురు కరిగింది.

"అదిగో! లొంగిందా లేదా!" అని అరిచాడు.

జిగురుతో పాటు లైటు కూడా లొంగింది. ఆ లైట్లు గాజువి కావు, ప్లాస్టిక్‌వి. థిన్నరు తగలగానే పైభాగం తెల్లగా పాలిపోయింది. చూస్తూండగానే లోపల సన్నని బీటలు అల్లుకుపోయాయి. నీళ్ళు పోసి కడిగాడు, పోలేదు. మళ్ళీ రుద్దాడు, ఇంకా తెల్లబడింది. చివరికి ఆ లైటు పువ్వు వేసిన కన్నులా అయిపోయింది.

అయినా సాయంత్రం మైదానానికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు.

"నిన్న కంటికి పొర ఉంది. ఇవాళ కన్నే పోయింది," అన్నాడు. "ఈ ఎడమ లైటు మార్చాలి. కుడిది శుభ్రం చెయ్యాలి. శనివారం నాలుగింటి దాకా ఇక్కడే ఉంటాను. ఆ తరవాత పది రోజుల దాకా రాను."

"సార్, రేపు పొద్దున్న ఆడవాళ్ళు పరీక్షకి రావాలి. ఒక్క రోజు..."

"పరీక్ష అని మంచు తొలగుతుందా? ఘాటీలో ఎదర ఏముందో కనపడని బండిలో అయిదుగురిని కూర్చోబెట్టి దింపుతావా? నువ్వే చెప్పు."

నాయుడు బండి వెనక్కి తిప్పాడు. ఊటగెడ్డలో ఫోను పలకదు. ఆఖరి బస్సు కండక్టరుతో కబురు పంపాడు. "రేపు బండి రాదు. ఎలాగైనా నడిచి వచ్చెయ్యండి." కబురు గూడెం చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోయింది.

శుక్రవారం పొద్దున్న నాయుడు అన్నం ముట్టలేదు. కుడి లైటు ముందు పీట వేసుకు కూర్చున్నాడు. ఈసారి థిన్నరు జోలికి పోకూడదు, రేకుతోనే ఇంకొంచెం గట్టిగా గీకాలి అని నిశ్చయించుకున్నాడు. రేకు ఎత్తాడు.

వీధిలోంచి చిలకమ్మ కుంటుకుంటూ వచ్చింది. చీర కుచ్చెళ్ళు మోకాలి దాకా తడిసి ఉన్నాయి. చేతిలో హాల్ టికెట్టు, పెన్ను ఉన్నాయి. వచ్చి అరుగు మీద కూర్చుంది.

నాయుడి చేతిలో రేకు అలాగే ఉండిపోయింది. "చిలకమ్మా! ఈపాటికి పరీక్ష రాస్తూ ఉండాలి కదూ? ఇక్కడికొచ్చావేం?"

"గేటు వేసీసినారు బాబూ. పది దాటి అయిదు నిమిషాలయిందంట."

"మిగతావాళ్ళు?"

"ఆళ్ళు అందుకున్నారు. చీకటితో లేచి అడ్డదారిన దిగినాం. గెడ్డలో నీళ్ళు దాటుతుంటే నా మోకాలు బెణికింది. నా కోసం ఆగితే అయిదుగురం పోతాం గదా. మీరు పొండని నానే తోలేసినాను."

వరహాలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చిలకమ్మ తాగింది. తిట్టి ఉంటే నాయుడికి కాస్త ఊపిరాడేది. ఆమె తిట్టలేదు. నీళ్ళు తాగిన నోరు తుడుచుకుని, బండి కేసి చూసింది.

"ఈ కన్నుకేటయింది?"

"గీకాను. తరవాత మందు పోసి రుద్దాను."

"ఎందుకూ?"

"జిగురు పోలేదని."

"మరి ఆ రెండో కన్నుకీ అదే చేస్తావేటి?"

నాయుడు రేకు కింద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరిని అడిగాడు.

"మరేం చెయ్యాలో తెలియడం లేదు చిలకమ్మా. నీకు తెలిస్తే చెప్పు."

చిలకమ్మ లేచి వచ్చి కుడి లైటు మీద, స్టిక్కరు బీటల్లోంచి ఊరిన జిగురుకు వేలు పెట్టి రాసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. బొటనవేలితో నలిపి చూసుకుంది. "బాబూ, పచ్చి పనసకాయ ఎప్పుడైనా కోసినావా?"

"తినడం తెలుసు ఆయనకి," అంది వరహాలమ్మ.

"పనసకాయ కోస్తే పాలు కారతాయి. చేతికీ కత్తికీ పట్టీసుకుంటాయి. నీళ్ళు పోస్తే పోదు. గీకితే తోలు లేస్తాది, జిగురు మాత్రం ఉంటాది. నూనె రాసి కాసేపు ఊరుకో. అదే ఉండలు కట్టి రాలిపోతాది. మా కొండమీద పిల్లలకి కూడా తెలుసు. ఈ జిగురూ అలాటిదే. కొబ్బరినూనె ఉందా అమ్మా?"

"ఉంది," అని వరహాలమ్మ లోపలికి పరుగెత్తింది. నూనె సీసాతో పాటు పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళ గిన్నె కూడా పట్టుకొచ్చింది.

"మరిగే నీళ్ళొద్దు," అంది చిలకమ్మ. "వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద చన్నీళ్ళు చిలికితే ఏటవుద్ది? ఇదీ అంతే. చేయి ముంచగలిగేంత వేడి చాలు."

గోరువెచ్చటి నీళ్ళలో పాత పంచె ముక్క ముంచి, పిండి, లైటు మీద పరిచింది. "ఇప్పుడు కూకో."

"తరవాత?"

"తరవాతే లేదు. కూకో."

నాయుడు కూర్చున్నాడు. కాలు ఊపాడు. లేచాడు. గుడ్డ కింద ఏమవుతోందో అని అంచు ఎత్తి చూడబోయాడు. చిలకమ్మ అతని చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"మా కేంద్రానికి పిల్లలు ఎండిపోయిన చీమిడితో వస్తారు. గీకితే ఏడుస్తారు, ముక్కు పుండవుద్ది. తడిగుడ్డ పెట్టి నాలుగు మాటలు చెప్తే, ఆళ్ళకి తెలీకుండానే ఊడొస్తాది. నీకు కూడా మాటలు చెప్పాలేటి బాబూ?"

వరహాలమ్మ పకపకా నవ్వింది. నాయుడికి కూడా నవ్వు వచ్చింది, అంతలోనే చిలకమ్మ అరుగు మీద పెట్టిన హాల్ టికెట్టు కనిపించి నవ్వు ఆగిపోయింది.

గుడ్డ చల్లారితే మళ్ళీ ముంచింది. మూడోసారికి స్టిక్కరు అంచు మెత్తబడి దానంతట అదే లేచింది. "ఇప్పుడు నువ్వు పట్టుకో. నిలువునా లాగకు, తెగిపోతాది. పాల మీద మీగడ తీసినట్టు, వెనక్కి మడిచి పడుకోబెట్టి తియ్యి. రానన్నచోట ఆగి, మళ్ళీ గుడ్డ వెయ్యి."

ఇంత నెమ్మదిగా పని చెయ్యడం నాయుడి చేతులకు అలవాటు లేదు. జానెడు స్టిక్కరు రావడానికి అరగంట పట్టింది. ఒకచోట ఓపిక చచ్చి కాస్త గుంజాడు. టప్పున తెగింది. చిలకమ్మ అతని మొహం కేసి చూసింది. అతను గుడ్డ ముంచి మళ్ళీ పరిచాడు.

స్టిక్కరు మొత్తం వచ్చాక నూనె పని. ముందు ఒక మూల చుక్క రాసి, మచ్చ పడదని చూసుకున్నాక మొత్తం రాయించింది. కాసేపు ఆగమంది. ఆగాడు. బొటనవేలితో మెల్లగా తిప్పమంది. తిప్పాడు. నాలుగేళ్ళ జిగురు చిన్నచిన్న ఉండలుగా చుట్టుకుని రాలడం మొదలుపెట్టింది. మెత్తటి గుడ్డతో తుడిచి, సబ్బునీళ్ళతో జిడ్డు వదిలేదాకా కడిగారు. అంతా కావడానికి రెండు గంటల పైన పట్టింది. ఒక్క గీత లేదు. కుడి లైటు ఊటనీటిలా స్వచ్ఛంగా ఉంది.

నాయుడు దానికేసి చాలాసేపు చూశాడు. తరవాత ఎడమ లైటుకేసి చూశాడు. "నిన్న ఒక్క మాట అడిగి ఉంటే ఇవాళ నువ్వు పరీక్ష రాసేదానివి," అన్నాడు.

"రాసేదాన్నే," అంది చిలకమ్మ. ఓదార్పు కోసం అబద్ధం చెప్పే మనిషి కాదామె. "ఇంకా నాలుగు పరీక్షలున్నాయి. సోమారం నుంచి. ఆటికైనా దింపుతావా?"

"దింపుతాను."

అప్పుడే పరీక్ష రాసిన నలుగురూ వచ్చారు. ఒకామె, "నాయుడుబాబు దీపాలు తోముతున్నాడు, మనం చెంబులు కూడా తెస్తే బాగుండేది," అంది. అందరూ నవ్వారు. చిలకమ్మ కూడా నవ్వింది. మధ్యాహ్నం బస్సులో వాళ్ళతో కలిసి కొండెక్కింది.

శనివారం తెల్లారుతూనే నాయుడు బండి తీసుకుని చోడవరం బయలుదేరాడు. పాత బండ్ల సామాన్లు అమ్మే కొట్లు అక్కడ నాలుగున్నాయి. మొదటి కొట్లో ఆ రకం ఎడమ లైటు లేదు. రెండో కొట్లో ఉంది గానీ పగిలి ఉంది. మూడో కొట్లో లేదు. నాలుగో కొట్టు జోగారావుది. అతను ఇనపసామాను గుట్టలోకి దూరి, మధ్యాహ్నం పన్నెండింటికి ఒక లైటు పట్టుకొచ్చాడు.

దాని నిండా స్టిక్కరే. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి రెండు. అడుగున జిగురు తారులా గట్టిపడి ఉంది.

"ఇదొక్కటే ఉంది," అన్నాడు జోగారావు. "దిగులు పడకు. థిన్నరు ఇస్తాను. అయిదు నిమిషాల్లో పోతుంది."

నాయుడు గోడ గడియారం చూశాడు. ఇన్‌స్పెక్టరు నాలుగింటికి వెళ్ళిపోతాడు. లైటు బిగించడానికే అరగంట కావాలి. కుడి లైటు ఒక్కదానికే రెండు గంటలు పైన పట్టింది. దీనికి రెండు పొరలు. చేతులు ఆ సీసా కేసి లాగాయి. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"థిన్నరు వద్దు. వేడినీళ్ళు దొరుకుతాయా?"

"టీ కొట్లో ఉంటాయి. వేడినీళ్ళతో ఎప్పటికి పోతుందయ్యా?"

"పోయినప్పుడే పోతుంది."

టీ కొట్టు నుంచి బొగాణీతో నీళ్ళు తెచ్చుకున్నాడు. చన్నీళ్ళు కలిపి, చెయ్యి ముంచి చూశాడు. లైటు వెనక కన్నాల్లోకి తడి పోకుండా గుడ్డ కుక్కాడు. తన తలపాగా చింపి, ముంచి, పరిచాడు. కూర్చున్నాడు.

జోగారావు వచ్చి చూశాడు. "ఒంటిగంట అయింది."

"కానీ."

మొదటి పొర వచ్చింది. రెండోది అంటుకుని కూర్చుంది. నాయుడి కడుపులో ఆకలి, వీపున ఎండ, చెవిలో గడియారం. గూడెంలో చిలకమ్మ సోమవారం ఇంగ్లీషు పరీక్షకు చదువుకుంటూ ఉంటుంది. ఆ తలపు రాగానే చెయ్యి తొందరపడింది. స్టిక్కరు తెగింది. కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టి, గుడ్డ మళ్ళీ ముంచాడు.

"రెండు దాటింది నాయుడూ. నా మాట విని ఆ సీసా తీసుకో."

"నీ మాట మొన్ననే విన్నాను జోగారావూ. నువ్వు చెప్పకముందే."

ఆ మాట జోగారావుకు అర్థం కాలేదు. కానీ ఆ మనిషి కూర్చున్న తీరు చూసి, తనే వెళ్ళి కొబ్బరినూనె పొట్లం కొనుక్కొచ్చి పక్కన పెట్టాడు. నూనె రాసి ఆగవలసిన సేపే అన్నిటికన్నా కష్టంగా గడిచింది. నాయుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. జిగురు ఉండలు కట్టింది. తుడిచాడు, కడిగాడు. మూడు దాటి పది నిమిషాలకు లైటు తేటపడింది. జోగారావు కూడా ఒక చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి బండికి బిగించారు.

మైదానానికి చేరేసరికి ఇన్‌స్పెక్టరు కాగితాలు సంచీలో సర్దుకుంటున్నాడు.

"సార్, లైట్లు!"

ఇన్‌స్పెక్టరు సంచీ మళ్ళీ బల్ల మీద పెట్టాడు. లైట్లు వేయించాడు. ఎదురుగా ఉన్న బోర్డు మీద రెండు వెలుతుర్లూ సమంగా, తెల్లగా పడ్డాయి. లైటు మీద వేలితో రాసి చూశాడు. ఎక్కడా అంటలేదు, గరగరలాడలేదు.

"ఏం చేశావయ్యా వీటికి?"

"పనసకాయ కోశాను సార్."

ఇన్‌స్పెక్టరు అతని మొహం కేసి ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపుకుని, కాగితం మీద సంతకం పెట్టాడు.

సోమవారం తెల్లారేసరికి బండి ఊటగెడ్డలో ఉంది. మంచు పాలు ఒలకబోసినట్టుంది. మలుపు మలుపుకీ దారి అంచులు, రాళ్ళు, అడ్డం వచ్చిన ఆవుదూడ ముందుగానే కనిపించాయి. ఎనిమిదింపావుకి అయిదుగురూ బడి గేటు ముందు దిగారు. మిగిలిన పరీక్షలన్నిటికీ అలాగే దిగారు.

ఫలితాలు వచ్చాయి. నలుగురు పాసయ్యారు. చిలకమ్మ రాసిన నాలుగూ పాసయింది, రాయని తెలుగు మిగిలింది. టీచరు ఉద్యోగం ఆ ఏడు పక్క గూడెం అమ్మాయికి వెళ్ళిపోయింది. నాయుడు ఆ కబురు విన్న రోజు బండి తియ్యలేదు. మర్నాడు కొండెక్కి, చిలకమ్మ గుమ్మం ముందు నిలబడి, "తెలుగు పరీక్ష మళ్ళీ ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు.

అక్టోబరులో వచ్చింది. ఆ పొద్దున మంచు మరీ దట్టంగా ఉంది. పదిమంది పట్టే బండిలో చిలకమ్మ ఒక్కతే కూర్చుంది. సగం ఘాటీ దిగాక నాయుడు బండి ఆపి, దిగి, గుడ్డ తడిపి లైట్ల మీద పడిన బురద తుడవడం మొదలుపెట్టాడు. ఒక లైటు తుడిచాడు. రెండోది తుడిచాడు. మళ్ళీ మొదటిదాని కేసి వంగాడు.

చిలకమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది. "బాబూ, టైమయిపోతాది! ఇంకెంతసేపు తోముతావు?"

"అవదు. కూకో," అన్నాడు నాయుడు.

ఎనిమిదీ నలభైకి గేటు ముందు దింపాడు. ఆమె లోపలికి వెళ్ళేదాకా నిలబడి చూశాడు. ఆ పరీక్ష ఆమె పాసయింది. మరుసటి ఏడు ఊటగెడ్డ పై గూడెంలో కొత్త కేంద్రం పెట్టినప్పుడు, అక్కడ టీచరుగా చేరింది.

అమ్మా మాణిక్యం, ఈ కథ సాపు రాసేది నువ్వే, పైగా ఆ కొండల్లో పనిచేసి వచ్చినదానివి. చిలకమ్మ వాళ్ళ ఇంటిపేరు గెమ్మెలి అని సరిగానే రాశానా, ఇన్‌స్పెక్టరు కూర్చున్నది చోడవరమేనా, జోగారావు అన్నది కొట్టు యజమాని పేరేనా, ఓసారి సరిచూసి పెట్టు. చివరి మాట మాత్రం దిద్దకు, అది నాకు బాగా గుర్తుంది.

తొందరతో కూడిన బలం పనిని చెడగొడుతుంది, ఓపికతో కూడిన పట్టుదల పనిని నెరవేరుస్తుంది.